లింకన్ పూర్వీకుల వెతుకులాట: ప్రాజెక్టు డైరీ

జనవరి

అబ్రహాం లింకన్ తండ్రి వైపు వంశాన్ని ఒక్కో తరానికి ఒక్కో అసలు కాగితం పట్టుకుని వెనక్కి లాక్కుంటూ పోవాలి, కెంటకీ నుంచి వర్జీనియా, పెన్సిల్వేనియా, న్యూజెర్సీ, మసాచుసెట్స్ మీదుగా ఇంగ్లండ్‌లో ఓడ ఎక్కిన కుర్రాడి దాకా. ఇదీ నేను పెట్టుకున్న పని. ఇందులో కొత్తగా కనిపెట్టేదేమీ లేదు, వందేళ్ల క్రితమే పరిశోధకులు తేల్చేసిన వంశవృక్షం ఇది. నాకు కావాల్సింది వేరే. వంశవృక్షంలో తండ్రికీ కొడుక్కీ మధ్య ఒక గీత గీస్తారు కదా, ఆ గీత ఏ కాగితం మీద నిలబడిందో నా కళ్లతో చూడాలి.

అమెరికాలో వలస కాలం నాటి కుటుంబాలు బోలెడున్నా లింకన్ కుటుంబాన్నే ఎంచుకోవడానికి కారణం ఉంది. ఆయన స్వయంగా ఈ పనికి దిగి మధ్యలో ఆగిపోయాడు. 1859 డిసెంబరులో, ఎన్నికల ముందు, తన గురించి తాను రాసిచ్చిన చిన్న పరిచయంలో ఆ మాట చెప్పుకున్నాడు. న్యూ ఇంగ్లండ్‌లో, అంటే మసాచుసెట్స్ ఉన్న ఈశాన్య ప్రాంతంలో, ఇదే ఇంటిపేరున్న వాళ్లతో మావాళ్లకు సంబంధం ఉందేమో అని చూశారు, ఈనాక్, లీవై, మొర్డెకై, సాలమన్, అబ్రహాం లాంటి పేర్లు రెండు వైపులా ఉన్నాయని తప్ప ఇంకేమీ తేలలేదు అని. పేరున్న లాయరు, భూమి కాగితాలు చదవడం తెలిసిన మనిషి, పేర్లు కలిశాయన్న దగ్గరే ఆగిపోయాడంటే ఆ మెట్టు దాటించిన కాగితం ఏదో చూడాల్సిందే అనిపించింది.

పని మొదలుపెట్టే ముందు రెండు నియమాలు పెట్టుకున్నాను. వెనక్కే నడవాలి, అంటే మనకు ఖాయంగా తెలిసిన మనిషి నుంచి అతని తండ్రికి, అక్కణ్నుంచి తాతకి. పైన ఎవరో గొప్పవాణ్ని పెట్టుకుని కిందికి దిగడం మొదలుపెడితే మధ్యలో ఎవర్నైనా ఇరికించేయొచ్చు. రెండోది, పేరు కలవడాన్ని సాక్ష్యంగా లెక్కపెట్టకూడదు. ఆ కాలంలో ఆ ఇళ్లల్లో బైబిల్ తెరిచి పేర్లు పెట్టేవాళ్లు. ఒకే ఊళ్లో నలుగురు అబ్రహాంలు, ముగ్గురు మొర్డెకైలు ఉండటం మామూలే.

షీటులో కాలమ్స్ ఇవి: ఎవరి గురించి, ఏ కాగితం, ఎక్కడ భద్రపరిచారు, ఆ మాట చెప్పినవాడికి ఎలా తెలుసు. ఈ చివరి కాలమ్ నింపడానికే ఎక్కువ టైమ్ పడుతోంది, పనికొచ్చేది కూడా అదే.

జనవరి చివర, కెంటకీ

మొదటి మెట్టు తేలిగ్గానే దాటొచ్చు. తండ్రి థామస్ లింకన్, తల్లి నాన్సీ హ్యాంక్స్. పెళ్లి బాండు తేదీ 1806 జూన్ 10, పెళ్లి జూన్ 12న. పెళ్లి బాండు అంటే ఈ పెళ్లికి చట్టపరంగా అడ్డేమీ లేదని హామీ ఇస్తూ రాసే పత్రం, అడ్డు ఉందని తేలితే ఇంత సొమ్ము కడతామని. ఇందులో ఆ సొమ్ము 50 పౌండ్లు.

ఈ కాగితం లింకన్ బతికుండగా బయటపడలేదు. థామస్ హార్డిన్ కౌంటీలో కాపురం ఉన్నాడు కాబట్టి అందరూ ఆ కౌంటీ పుస్తకాలే తిరగేశారు. అక్కడ లేకపోయేసరికి అసలు పెళ్లే జరగలేదని పుకార్లు పుట్టాయి, దేశాధ్యక్షుడి పుట్టుక మీదే మాటలు వచ్చాయి. తీరా 1870ల చివర్లో పక్కన ఉన్న వాషింగ్టన్ కౌంటీ కోర్టులో, క్లర్కు వెతికితే, శుభ్రంగా దొరికింది. పెళ్లి ఆడపిల్ల ఉన్న చోట జరిగింది, కాగితం అక్కడే ఉండిపోయింది. ఆ తల్లి మీద పడిన నింద అంతా పక్క కౌంటీలో చూడకపోవడం వల్ల వచ్చిందని తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

రెండో మెట్టు తాత. ఆయన పేరు కూడా అబ్రహామే, అందరూ కెప్టెన్ అబ్రహాం అంటారు. 1780లో 400 ఎకరాలకు వారంట్, అంటే అంత భూమి పొందే హక్కు పత్రం, తీసుకున్నాడు. అప్పటికి కెంటకీ ఇంకా వర్జీనియాలో భాగమే. ఆ వారంట్ మీదా, సర్వే మీదా ఇంటిపేరు లింక్‌హార్న్ అని ఉంది. అచ్చు లింకన్ అని టైపు చేసి వెతికితే ఈయన దొరకడు. అప్పట్లో క్లర్కు చెవికి ఎలా వినిపిస్తే అలా రాసేవాడు. అందుకే లింకన్, లింకాన్, లింక్‌హార్న్, లింకోర్న్, లింకార్న్ అని ఒక లిస్టు పెట్టుకుని అన్నీ వరసగా కొట్టి చూస్తున్నాను. ఫ్యామిలీసెర్చ్ సైట్‌లో ఈమధ్య చేతిరాత పుస్తకాల్లో కూడా మాట కొట్టి వెతికే సౌకర్యం వచ్చింది, అంతకుముందు అయితే ఇండెక్స్‌లో లేని మనిషి కోసం స్కాన్ చేసిన పేజీలు ఒక్కొక్కటే తిప్పుకోవాలి. అయినా ఆ మెషిన్ చదివిన మాటను నమ్మి ఊరుకోవట్లేదు, బొమ్మ తెరిచి చూశాకే షీటులో ఎక్కిస్తున్నాను.

సర్వే కాగితం గురించి ఇంకొంచెం చెప్పాలి. ఇది లాంగ్ రన్ అనే వాగు మీద ఉన్న భూమి. సర్వే జరిగింది 1785 మేలో. కాగితం కింద భూమి కొలిచే గొలుసు పట్టిన వాళ్ల పేర్లుంటాయి, హద్దు గుర్తులు వేసిన మనిషి పేరు ఉంటుంది. ఆ గుర్తులు వేసిన మనిషి అబ్రహామే. లింకన్‌కు ఇంట్లో వాళ్లు చెప్పిన ప్రకారం తాత 1784లో, నేటివ్ అమెరికన్ల దాడిలో, పొలం పని చేస్తూ చనిపోయాడు, అప్పటికి తండ్రి థామస్‌కు ఆరేళ్లు. కానీ 1785 మేలో తన భూమి హద్దులు చూపిస్తూ అదే మనిషి పొలంలో నిలబడి ఉన్నాడు. చనిపోయింది 1786లో. కథ నిజమే, లింకన్ ఒక ఉత్తరంలో తన మనసులో అన్నిటికంటే గట్టిగా నాటుకుపోయిన కథ అదేనని కూడా రాశాడు, తేదీ మాత్రం రెండేళ్లు అటూ ఇటూ అయింది. ఇంట్లో చెప్పుకునే మాటలో మనుషులూ సంఘటనా నిలబడతాయి, సంవత్సరాలు జరిగిపోతాయి. షీటులో నోటి మాటగా వచ్చిన ప్రతి తేదీ పక్కనా ప్రశ్న గుర్తు పెట్టేశాను.

ఫిబ్రవరి, 1848 నాటి ఉత్తరాలు

ఇవి చదవకుండా ముందుకు పోలేను. లింకన్ కాంగ్రెస్ సభ్యుడిగా వాషింగ్టన్‌లో ఉన్న రోజులు. మసాచుసెట్స్‌లోని హింగమ్ ఊరి నుంచి సాలమన్ లింకన్ అనే ఆయన మీ వంశం ఏంటని అడిగాడు. జవాబులో లింకన్ తనకు తెలిసిందంతా చెప్పాడు: తండ్రి థామస్, తాత అబ్రహాం, వర్జీనియాలోని రాకింగ్‌హామ్ కౌంటీ నుంచి కెంటకీ వచ్చారు, ముత్తాత పెన్సిల్వేనియా నుంచి వచ్చాడనీ క్వేకర్ (ఒక క్రైస్తవ శాఖవాడు) అనీ ఏదో అస్పష్టంగా విన్నాను, అంతకు వెనక ఏమీ తెలియదు. మా ఇంట్లో అబ్రహాం, మొర్డెకై పేర్లు మామూలే, మీ వైపు ఎక్కువగా కనిపించే లీవై మాత్రం మాలో ఎవరికీ ఉన్నట్టు తెలియదు అని కూడా రాశాడు. మరి 1859 నాటి పరిచయంలో చూస్తే రెండు వైపులా కలిసే పేర్లలో లీవై కూడా చేరింది! పేర్లను నమ్ముకుంటే ఇలాగే ఉంటుంది, ఇవాళ లేని పోలిక రేపు కనిపిస్తుంది.

తర్వాతి ఉత్తరంలో ఆయన, మా నాన్న ఆరేళ్లకే తండ్రిని పోగొట్టుకున్నాడు, బీదరికంలో, కొత్త దేశంలో పెరిగి చదువు లేకుండా పోయాడు, మా కుటుంబ చరిత్ర నాకు ఇంత తక్కువ తెలియడానికి కారణం బహుశా అదే అన్నాడు.

ఆ తర్వాత చేసిన పని చూడండి. కాంగ్రెస్‌లో ఉన్న వర్జీనియా మాజీ గవర్నరు మెక్‌డవెల్‌ను కలిసి, రాకింగ్‌హామ్‌లో లింకన్లు ఎవరైనా ఉన్నారా అని అడిగాడు. డేవిడ్ లింకన్ అని ఒకరున్నారని తెలిసింది. ఉత్తరం రాశాడు. జవాబొచ్చింది. డేవిడ్ తండ్రి జాకబ్, ఆ జాకబ్ అన్న అబ్రహాం కెంటకీ వెళ్లాడు. అప్పుడు లింకన్ రాసిన జవాబులో, మీ పెదనాన్న అబ్రహాం, మా తాత ఒకే మనిషి, ఇందులో ఇంక అనుమానం లేదని తేల్చేసి, వెంటనే ప్రశ్నలు కురిపించాడు: మా తాత తండ్రి పేరేంటి, ఆయన క్వేకరా కాదా, బర్క్స్ కౌంటీ నుంచి ఎప్పుడొచ్చాడు, మీ కుటుంబం, ఇప్పుడు మన కుటుంబం అనాలేమో, అంతకు వెనక ఏమైనా తెలుసా. ఆ "మన కుటుంబం" దగ్గర చాలాసేపు ఆగిపోయాను. నలభై ఏళ్లు దాటిన మనిషి కాదు ఇంకా, ముప్పై తొమ్మిదేళ్లవాడు, వర్జీనియాలో ఉండిపోయిన తండ్రి తరపు బంధువు ఒకడు దొరికిన ఆనందం అది.

మార్చి, వర్జీనియా

డేవిడ్ చెప్పింది కాగితం మీద చూడాలి. తాత తండ్రి పేరు జాన్, 1768లో లిన్విల్ క్రీక్ దగ్గర 600 ఎకరాలు కొన్నాడు, 1773లో అందులోంచి 210 ఎకరాలు జాన్, భార్య రెబెక్కా కలిసి కొడుకు అబ్రహాంకు రాసిచ్చారు. తండ్రి కొడుక్కి రాసిన పత్రం కంటే గట్టి కాగితం ఉండదు.

అయితే ఈ పత్రాల కోసం రాకింగ్‌హామ్ కోర్టుకు పోతే లాభం లేదు. రాకింగ్‌హామ్ కౌంటీ ఏర్పడింది 1778లో, దానికి ముందు ఆ నేల ఆగస్టా కౌంటీది, కాబట్టి పుస్తకాలు స్టాంటన్‌లో ఉన్నాయి. ఈ వంశం పొడుగునా ఇదే తంతు. పెన్సిల్వేనియాలో బర్క్స్ కౌంటీ 1752లో పుట్టింది, అంతకుముందువి ఫిలడెల్ఫియాలో చూడాలి. మసాచుసెట్స్‌లో హింగమ్ 1803 దాకా సఫోక్ కౌంటీలో ఉంది, తర్వాత ప్లిమత్‌కు పోయింది. మనిషి కదలకుండా అదే ఇంట్లో ఉన్నా అతని కాగితాలు వేరే ఊరి కోర్టుకు మారిపోతాయి. ఆంధ్ర, తెలంగాణల్లో జిల్లాలు విడగొట్టాక పాత దస్తావేజు ఏ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఉందో కనుక్కోవడానికి తిరిగినవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. ఏ సంవత్సరంలో ఏ కౌంటీ హద్దు ఎక్కడుందో ఒక పట్టిక తయారు చేసి గోడకు అంటించుకున్నాను.

రాకింగ్‌హామ్‌కు ఇంకో దెబ్బ కూడా తగిలింది. 1864 జూన్‌లో, అంతర్యుద్ధంలో, కోర్టు పుస్తకాలను కాపాడటానికి బండిలో వేసి తరలిస్తుంటే జనరల్ హంటర్ సైనికులు ఆ బండికి నిప్పు పెట్టారు. అది యూనియన్ సైన్యం, అంటే ఉత్తరాది సైన్యం, దాని సర్వసేనాని లింకన్. కొన్ని పుస్తకాలు పూర్తిగా పోయాయి, కొన్ని అంచులు కాలి మధ్య భాగం మిగిలింది. స్కాన్లలో ఆ నల్లటి అంచులు కనిపిస్తాయి, వాక్యం సగంలో బూడిదైపోతుంది. ఆగస్టా పుస్తకాలు మిగలడం వల్లే జాన్, అబ్రహాంల సంబంధం నిలిచింది.

ఏప్రిల్, పెన్సిల్వేనియా

వర్జీనియా జాన్ ఎక్కడి నుంచి వచ్చాడు? కుటుంబం వాళ్లు బర్క్స్ కౌంటీ అంటున్నారు. అక్కడ ఒక మొర్డెకై లింకన్ ఉన్నాడు, 1736లో చనిపోయాడు, 1733లో కట్టిన ఆయన ఇల్లు ఇప్పటికీ ఉంది. వీలునామా తేదీ ఫిబ్రవరి 1735/6 అని రాసి ఉంటుంది. చూడగానే తికమకగా ఉంటుంది కానీ విషయం సులువు, ఇంగ్లీషువాళ్లకు 1752 దాకా కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది, అందుకే జనవరి నుంచి మార్చి దాకా రెండు సంవత్సరాలూ వేసేవాళ్లు. మన లెక్కలో 1736.

వీలునామాలో పొరుగున ఉన్న బూన్ కుటుంబం వాళ్లను భార్యకు సాయంగా ఉండమని కోరాడు. కెంటకీ దారి చూపించిన డేనియల్ బూన్ ఈ కుటుంబం వాడే. భార్య కడుపుతో ఉంది, పుట్టబోయే బిడ్డకు కూడా వాటా రాశాడు. ఆ బిడ్డ తండ్రి పోయాక పుట్టాడు, పేరు అబ్రహాం, పెద్దయ్యాక డేనియల్ బూన్ బంధువు ఆన్ బూన్‌ను పెళ్లి చేసుకున్నాడు. ఆన్ క్వేకర్. సంఘం బయటివాణ్ని చేసుకున్నందుకు ఆమె తమ మీటింగ్‌లో తప్పు ఒప్పుకోవాల్సి వచ్చింది. అంటే ఆ లింకన్ క్వేకర్ కాదు. చుట్టూ క్వేకర్లే, శ్మశానం కూడా వాళ్లదే, అందుకే మనవళ్ల తరానికి వచ్చేసరికి "మావాళ్లు క్వేకర్లట" అన్న మాట స్థిరపడి ఉంటుందని నా ఉద్దేశం.

ఇక అసలు చిక్కు. పెన్సిల్వేనియా భూమి, దాదాపు 1,000 ఎకరాలు, రెండో భార్య మేరీ కొడుకులు మొర్డెకై, థామస్‌లకు పోయింది. అందులో జాన్ లేడు. బర్క్స్ భూమి పుస్తకాలు మాత్రమే చదివితే జాన్ అనే కొడుకే ఈ ఇంట్లో లేడనుకుంటాం. వీలునామా కింద ఇంకో వాక్యం ఉంది: కొడుకు జాన్‌కు జెర్సీలో ఉన్న 300 ఎకరాలు. ఇద్దరు కూతుళ్లకు అక్కడే 100 ఎకరాలు.

మే, న్యూజెర్సీ

ప్రాజెక్టు మొత్తానికి ఇదే గుండెకాయ.

మొర్డెకై పెన్సిల్వేనియా వెళ్లకముందు న్యూజెర్సీలో మాన్‌మత్ కౌంటీలో ఉన్నాడు. మొదటి భార్య హన్నా సాల్టర్, ఫ్రీహోల్డ్‌కు చెందిన రిచర్డ్ సాల్టర్ కూతురు. 1720లో ఆ మామగారి దగ్గర మచపోనిక్స్ నది, గ్రావెల్ బ్రూక్ పక్కన 400 ఎకరాలు కొన్నాడు, మిడిల్‌సెక్స్ కౌంటీలో. ఎడిసన్‌లో ఉండే మన తెలుగువాళ్లది కూడా ఇదే కౌంటీ. ఆ సంవత్సరమే ఈ దంపతులకు బిడ్డ పోయింది. మాన్‌మత్ కౌంటీలోని ఒక పాత శ్మశానంలో చిన్న రాయి ఉంది, డెబోరా లింకన్, వయసు 3 సంవత్సరాల 4 నెలలు, 1720 మే 15. అందులో కూడా ఇంటిపేరు స్పెల్లింగు సరిగ్గా లేదు. వీలునామాలో ఈ పాప పేరు ఉండదు, తండ్రి రాసేనాటికి పోయి పదహారేళ్లు. రాయి లేకపోతే ఈమె పుట్టిందని కూడా ఎవరికీ తెలిసేది కాదు.

హన్నా వైపు నుంచి వచ్చిన జెర్సీ భూమి హన్నా కొడుకు జాన్‌కు, పెన్సిల్వేనియా భూమి మేరీ కొడుకులకు. ఇలా చూస్తే వీలునామా పంపకం చక్కగా అర్థమవుతుంది.

1748 నవంబరులో జాన్ ఆ 300 ఎకరాలు విలియం డై అనే ఆయనకు అమ్మేశాడు. అమ్మకం పత్రంలో జాన్ ఎక్కడివాడో రాశారు, లాంకస్టర్ కౌంటీ కేర్నార్వన్. ఎవరి కొడుకో రాశారు, మొర్డెకై లింకన్ కొడుకు. భూమి తనకెలా వచ్చిందో కూడా రాశారు. మనం స్థలం కొనేటప్పుడు లింకు డాక్యుమెంట్లు అడుగుతాం కదా, అమ్మేవాడికి ఎవరి నుంచి వచ్చింది, ఆయనకు ఎవరి నుంచి వచ్చింది అని, సరిగ్గా అదే. కొనేవాడు తన డబ్బు పోకుండా చూసుకోవడానికి రాయించుకున్న ఆ వాక్యాలే పెన్సిల్వేనియా జాన్‌ను న్యూజెర్సీ మొర్డెకైకి ముడివేశాయి. ఆ జాన్, భార్య రెబెక్కా 1760లలో పెన్సిల్వేనియాలో ఉన్నది అమ్ముకున్నారు, 1768లో జాన్ వర్జీనియాలో కొన్నాడు, అక్కడి పత్రాల్లోనూ భార్య రెబెక్కాయే.

1848లో లింకన్ అడిగిన ప్రశ్నలకు జవాబు అంతకు సరిగ్గా వందేళ్ల ముందు న్యూజెర్సీలో ఒక పొలం అమ్మకంలో రాసిపెట్టి ఉంది. ఆయన వర్జీనియాలో అడిగాడు, పెన్సిల్వేనియా గురించి అడిగాడు, న్యూజెర్సీ అన్న మాటే ఆయన చెవిన పడలేదు. ఎలా పడుతుంది? ఆ భూమి అమ్మేశాక ఇంట్లో దాని గురించి మాట్లాడుకోవడానికి ఏముంది!

జూన్, మసాచుసెట్స్

ఇక్కడ వేగంగా నడిచింది. న్యూజెర్సీలో మొర్డెకైతో పాటు తమ్ముడు అబ్రహాం కూడా ఉన్నాడు, ఇద్దరూ ఇనుము పని చేసేవాళ్లు. మొర్డెకై తర్వాత పెన్సిల్వేనియాలోని కోవెంట్రీలో ఒక ఇనుప కొలిమిలో మూడో వంతు వాటాదారు, 1725లో ఆ వాటా అమ్మాడు. ఇటు మసాచుసెట్స్‌లోని సిట్యుయెట్‌లో 1727లో చనిపోయిన పెద్ద మొర్డెకై కమ్మరి, సొంతంగా ఇనుప కార్ఖానా పెట్టినవాడు, ఆయన వీలునామాలో కొడుకులు మొర్డెకై, అబ్రహాం. పేర్లు మాత్రమే కలిసుంటే పక్కన పెట్టేసేవాణ్ని. అన్నదమ్ముల జంట, అదే పని, అదే కాలం, పైగా హింగమ్‌లో ఈ పేర్లతో వేరే జంట ఏదీ ఉండిపోయినట్టు కనిపించకపోవడం, ఇన్ని కలిశాక ఒప్పుకున్నాను. షీటులో మాత్రం దీన్ని 1748 పత్రమంత గట్టిదిగా రాయలేదు, ఒక మెట్టు కింద పెట్టాను.

పెద్ద మొర్డెకై తండ్రి శామ్యూల్. 1637 ఏప్రిల్‌లో ఇంగ్లండ్‌లోని యార్మత్ రేవులో ఓడ ఎక్కేవాళ్లను ప్రశ్నించి రాసిన జాబితా మిగిలింది. నారిచ్ పట్టణానికి చెందిన ఫ్రాన్సిస్ లాస్ అనే నేతగాడు, భార్య, కూతురు మేరీ, ఇద్దరు పనివాళ్లు. ఆ ఇద్దరిలో ఒకరు శామ్యూల్ లింకోర్న్, వయసు 18. ఇంగ్లండ్‌లోనే నార్‌ఫోక్‌లో ఉన్న ఇంకో హింగమ్ చర్చి పుస్తకంలో శామ్యూల్ బాప్టిజం 1622 ఆగస్టు. అంటే ఓడ ఎక్కేనాటికి పద్నాలుగేళ్లే. నాలుగేళ్లు ఎందుకు ఎక్కువ వేశారో జాబితాలో లేదు, వయసు కాలమ్‌లో రెండూ రాసి పెట్టాను.

మనిషి నేతపని నేర్చుకున్నవాడు. మునిమనవడు వర్జీనియా జాన్ కూడా నేతగాడే.

జూలై, ఇంకా మిగిలినవి

ఆడవాళ్ల వరస దాదాపు ఖాళీగా ఉంది. మొర్డెకై రెండో భార్య వీలునామాలో "నా భార్య మేరీ" అని మాత్రమే కనిపిస్తుంది, పుట్టింటి పేరు అందులో లేదు. వెయ్యి ఎకరాలు ఎవరికి పోయాయో అంగుళాలతో సహా తెలుస్తుంది, ఆ ఇంటిని నడిపిన మనిషి ఎవరి బిడ్డో తెలియదు. ఇది నన్ను బాగా పట్టి పీడిస్తోంది. వీళ్ల కోసం వెతకాల్సింది వాళ్ల తండ్రుల వీలునామాల్లో, "నా కూతురు, ఫలానా లింకన్ భార్య" అన్న వాక్యం కోసం. కాబట్టి వచ్చే నెల ఫిలడెల్ఫియా వీలునామాల పుస్తకాలు, మొర్డెకై ఇంటి చుట్టుపక్కల ఉన్న ప్రతి కుటుంబానివీ, ఇంటిపేరు ఏదైనా సరే, 1729 నుంచి మొదలుపెట్టి చదవబోతున్నాను.